మనీ ప్లాంట్‌కు రోజూ నీళ్లు పోస్తున్నారా? మొక్క చచ్చిపోయేది అందుకే కావచ్చు.. ఏ సీజన్‌లో ఎలా పోయాలో పూర్తి వివరాలు

హాల్లో టీవీ పక్కన, వంటింటి కిటికీలో, ఆఫీసు రిసెప్షన్‌లో, బాల్కనీ గ్రిల్ మీద.. ఎక్కడ చూసినా మనీ ప్లాంట్ కనిపిస్తుంది. "దానికేముంది, నీళ్లు పోస్తే బతికేస్తుంది" అని అందరూ అంటుంటారు. కానీ తెచ్చిన రెండు మూడు నెలలకే ఆకులు పసుపు రంగులోకి తిరిగి, తీగ మొదలు మెత్తబడి, ఒకరోజు చేతికి ఊడి వచ్చేస్తుంది. అప్పుడు మనకొచ్చే మొదటి అనుమానం "నీళ్లు సరిపోలేదేమో" అని. చాలా ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి రివర్స్. మొక్క ఎండిపోయి కాదు, నానిపోయి చచ్చిపోతుంది.

అసలు కుండీలో మొక్కకు నీళ్లు ఎప్పుడు పోయాలి? ఎండాకాలం, వానాకాలం, చలికాలం.. మూడింటికీ ఒకే లెక్క పనికొస్తుందా? బోరు నీళ్లు, ఆర్‌వో నీళ్లు, ఏసీ నీళ్లు పోయొచ్చా? సీసాలో పెంచితే దోమలొస్తాయా? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఈ మొక్క ఎక్కడిది?

మనం మనీ ప్లాంట్ అని పిలిచే ఈ తీగ శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. దీని సొంతూరు పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రెంచ్ పాలినేషియాకు చెందిన మోరియా అనే దీవి. 1880లో దీన్ని మొదటిసారి పోథోస్ అనే పేరుతో వర్ణించారు. తర్వాత రెండు మూడు పేర్లు మారి, 1964లో ఇప్పుడున్న పేరు స్థిరపడింది. నర్సరీల్లో ఇప్పటికీ చాలామంది దీన్ని పోథోస్ అనే అంటారు. చేమ, కంద ఏ కుటుంబానికి చెందినవో ఇది కూడా అదే కుటుంబం.

ఈ పుట్టుపూర్వోత్తరాలు ఎందుకంటే, నీళ్ల లెక్క అక్కడే ఉంది. వెచ్చగా, తేమగా ఉండే అడవిలో పెద్ద చెట్ల నీడన, కాండం పట్టుకుని పైకి పాకే తీగ ఇది. వాన వస్తే బాగా తడుస్తుంది. వాన ఆగగానే ఆ నీళ్లు ఆకుచెత్త లాంటి గుల్ల మట్టిలోంచి జారిపోతాయి. కణుపుల దగ్గర వచ్చే వేళ్లు గాల్లోనే ఉంటాయి. అంటే ఈ మొక్కకు తేమ ఇష్టం, బురద ఇష్టం లేదు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎక్కువ నీళ్లు పోస్తే ఏమవుతుంది?

వేళ్లు కూడా ఊపిరి తీసుకుంటాయి. మట్టి రేణువుల మధ్య చిన్న చిన్న ఖాళీలు ఉంటాయి. వాటిలో ఉండే గాలిలోంచే వేళ్లకు ఆక్సిజన్ అందుతుంది. మనం రోజూ గ్లాసుడు నీళ్లు పోస్తుంటే ఆ ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతాయి. గాలిలో కదిలినంత వేగంగా నీళ్లలో ఆక్సిజన్ కదల్లేదు. ఆ వేగం దాదాపు 10 వేల రెట్లు తక్కువ. దాంతో వేళ్లకు ఊపిరాడదు. అలా బలహీనపడిన వేళ్ల మీద పిథియం, ఫైటోఫ్తోరా లాంటి సూక్ష్మజీవులు దాడి చేస్తాయి. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేరు గోధుమ రంగులోకి, ఆ తర్వాత నలుపులోకి మారి మెత్తబడుతుంది. దీన్నే వేరుకుళ్లు అంటారు.

అసలు మోసం ఇక్కడే ఉంది. కుళ్లిన వేరు నీళ్లను పీల్చుకోలేదు. కాబట్టి కింద మట్టి తడిగా ఉన్నా పైన ఆకులు వాడిపోతాయి. చూడ్డానికి అచ్చం దాహంతో ఉన్న మొక్కలాగే ఉంటుంది. మనం పాపం అని ఇంకో మగ్గు పోస్తాం. మిగిలిన వేళ్లు కూడా పోతాయి.

అందుకే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆకులు వాడితే వెంటనే నీళ్లు పోయకండి. ముందు మట్టి ముట్టుకుని చూడండి. ఆకులు వాడి, మట్టి పొడిగా ఉంటే అది దాహం. ఆకులు వాడి, మట్టి తడిగా ఉంటే అది వేరు సమస్య. రెండింటికీ వైద్యం వేరు.

ఎప్పుడు పోయాలో ఎలా తెలుస్తుంది?

"వారానికి రెండుసార్లు పోయండి" అనే సలహా అందరూ చెబుతారు. కానీ మీ ఇంటి ఎండ, గాలి, కుండీ సైజు ఆ చెప్పినవాళ్లకు తెలియదు కదా. క్యాలెండర్ చూసి కాదు, కుండీ చూసి పోయాలి. అందుకు మూడు సులువైన పరీక్షలున్నాయి.

వేలి పరీక్ష: చూపుడు వేలిని రెండో కణుపు దాకా, అంటే సుమారు 2 అంగుళాలు మట్టిలోకి దించండి. వేలికి చల్లగా తగిలి, తడి మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా రాలిపోతే పోయండి. పైమట్టి ఎండినట్టు కనిపించినంత మాత్రాన పోయకూడదు. ఫ్యాన్ గాలికి పైపొర ఒక్కరోజులోనే ఆరిపోతుంది, లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది.

పుల్ల పరీక్ష: కుండీ లోతుగా ఉంటే వేలు చాలదు. కొబ్బరి చీపురు పుల్లనో, ఐస్‌క్రీమ్ పుల్లనో అడుగుదాకా గుచ్చి, 5 నిమిషాలు ఉంచి బయటికి తీయండి. మట్టి అంటుకుని, పుల్ల రంగు మారితే లోపల తడి ఉన్నట్టే.

బరువు పరీక్ష: నీళ్లు బాగా పోసిన రోజు కుండీని ఒకసారి చేత్తో ఎత్తి చూడండి. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ ఎత్తండి. ఆ తేడా చేతికి అలవాటైతే ఇంకే పరీక్షా అక్కర్లేదు. వేలాడే కుండీలకు ఇదే బెస్ట్.

పోసేటప్పుడు ఎంత పోయాలి?

చాలామంది చేసేది రోజూ కొంచెం కొంచెం చిలకరించడం. దీనివల్ల పైన ఒక అంగుళం తడిసి, కింది వేళ్లకు చుక్క కూడా అందదు. మరికొందరు ఒకేసారి బోలెడు పోసి, కింద ప్లేటులో నిలిచిన నీళ్లను అలాగే వదిలేస్తారు. రెండూ కరెక్ట్ కాదు.

పద్ధతి ఇదీ. కుండీ అంతా తిరిగేలా నెమ్మదిగా పోయండి. అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారడం మొదలయ్యేదాకా పోయండి. ఒక అరగంట ఆగి, ప్లేటులో నిలిచిన నీళ్లను పారబోయండి. మళ్లీ పైన 2 అంగుళాలు ఆరేదాకా దాని జోలికి వెళ్లకండి. పోస్తే నిండుగా పోయాలి, ఆపితే ఆరేదాకా ఆపాలి. అంతే.

ఒక్కోసారి పోసిన నీళ్లు పోసినట్టే 2 సెకన్లలో కిందికి వచ్చేస్తాయి. నీళ్లు సరిపోయాయని అనుకోవద్దు. మట్టి బాగా ఎండిపోయి, కుచించుకుపోయి, కుండీ అంచును వదిలేసిందని అర్థం. నీళ్లు ఆ సందులోంచి జారిపోతున్నాయి, మట్టి ముద్ద లోపల పొడిగానే ఉంది. కొబ్బరి పొట్టు ఎక్కువగా ఉన్న కుండీల్లో ఇది మామూలే. అప్పుడు ఒక టబ్బులో 3, 4 అంగుళాల నీళ్లు పోసి, కుండీని అందులో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. కింది నుంచి తడి పైకి పాకుతుంది. తర్వాత తీసి నీళ్లు ఓడ్చేయండి.

ఎండాకాలం: మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. హైదరాబాద్‌లో 40 దాటడం మామూలే. ఈ కాలంలో మొక్క ఆకుల నుంచి, మట్టి నుంచి తడి త్వరగా పోతుంది. 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీ గదిలో ఉంటే 3 నుంచి 5 రోజులకోసారి, నీడపట్టున బాల్కనీలో ఉంటే 2 రోజులకోసారి నీళ్లు అవసరం కావొచ్చు. మట్టి కుండీ అయితే ఇంకా తొందరగా ఆరుతుంది, ఎందుకంటే దాని గోడలు కూడా తడిని బయటికి వదులుతాయి. ఇవన్నీ అంచనాలు మాత్రమే. ఫైనల్ మాట వేలి పరీక్షదే.

ఈ కాలంలో మూడు జాగ్రత్తలు ముఖ్యం.

ఒకటి, టైమింగ్. ఉదయం 8 గంటల లోపు పోయడం మంచిది. మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లు నేరుగా కుండీలో పోస్తే వేళ్లు దెబ్బతింటాయి. తప్పనిసరైతే బకెట్‌లో పట్టి చల్లారనిచ్చి పోయండి.

రెండు, ఏసీ గది. బయట మండిపోతోంది కాబట్టి లోపలి మొక్కకూ నీళ్లు పెంచాలని అనుకుంటాం. ఏసీ గదిలో చల్లగా ఉండటం వల్ల మట్టి మరీ తొందరగా ఆరకపోవచ్చు. కానీ గాలి మాత్రం పొడిబారుతుంది. అందుకే ఆకుల చివర్లు గోధుమ రంగులోకి మారతాయి. దీనికి పరిష్కారం కుండీలో నీళ్లు పెంచడం కాదు. ఏసీ గాలి నేరుగా తగలని చోటికి మొక్కను జరపండి, నాలుగైదు కుండీలు ఒకచోట చేర్చి పెట్టండి.

మూడు, కూలర్. కూలర్ ఉన్న గదిలో గాలి తేమగా ఉంటుంది. అక్కడ మట్టి ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. బాల్కనీ లెక్క ఇక్కడ పనికిరాదు.

రోహిణి కార్తె ఎండల్లో బాల్కనీ మొక్క మధ్యాహ్నం తల వేలాడేసి, సాయంత్రం చల్లబడగానే మళ్లీ లేచి నిలబడితే కంగారు పడొద్దు. వేడికి ఆకుల్లోంచి పోయే నీళ్లను వేళ్లు అంత స్పీడుగా అందించలేకపోవడం వల్ల అలా అవుతుంది. సాయంత్రానికి కూడా లేవకపోతే అప్పుడు మట్టి చూడండి.

వానాకాలం: ఎక్కువ మొక్కలు పోయేది ఇప్పుడే

జూన్ మొదటి, రెండో వారాల్లో నైరుతి రుతుపవనాలు తెలుగు రాష్ట్రాల్లోకి వస్తాయి. వాతావరణం ఒక్కసారిగా మారిపోతుంది, మన అలవాటు మాత్రం మారదు. మే నెలలో రెండు రోజులకోసారి పోసిన చెయ్యి జులైలో కూడా అలాగే పోస్తుంది. ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది, వెలుతురు తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది. మొక్క తాగేది తగ్గుతుంది, మట్టి ఆరేది కూడా తగ్గుతుంది. ఇంట్లో ఉన్న కుండీకి 7 నుంచి 12 రోజుల దాకా నీళ్లు అక్కర్లేకపోవచ్చు.

వానకు తడిసే బాల్కనీ కుండీల కింద ప్లేట్లు ఈ నాలుగు నెలలు తీసేయండి. రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే కుండీని వాన పడని చోటికి జరపండి. ఒకటి రెండు వానలు మాత్రం హాయిగా తడవనివ్వండి. ఆకుల మీది దుమ్ము పోతుంది, మట్టిలో పేరుకున్న ఉప్పు కూడా కొంత కొట్టుకుపోతుంది.

నెల్లూరు, తిరుపతి వైపు ఉండేవాళ్లకు ఇంకో మాట. మీకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కాబట్టి ఈ జాగ్రత్తలు మీకు అప్పుడు అవసరం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఏడాదంతా గాలిలో తేమ ఎక్కువే. హైదరాబాద్‌లో ఉండే చుట్టాలు చెప్పిన లెక్కను అక్కడ గుడ్డిగా ఫాలో అవ్వొద్దు.

వానాకాలం ఉదయాల్లో ఆకు కొసన నీటి బొట్టు వేలాడుతూ కనిపిస్తుంటుంది. అది మంచు కాదు, జబ్బు అంతకన్నా కాదు. రాత్రి వేళ్లు పీల్చిన అదనపు నీళ్లను ఆకు ఇలా బయటికి పంపిస్తుంది. ఎప్పుడో ఒకసారి కనిపిస్తే మామూలే. రోజూ కారుతుంటే మట్టి ఇంకా బాగా తడిగా ఉందని అర్థం. నీళ్లకు బ్రేక్ ఇవ్వండి.

కుండీ చుట్టూ నల్లటి చిన్న చిన్న పురుగులు ఎగురుతున్నాయా? వాటిని ఫంగస్ నాట్స్ అంటారు. ఎప్పుడూ తడిగా ఉండే పైమట్టిలో గుడ్లు పెడతాయి. మందు కొట్టే ముందు ఒక పని చేయండి. పైన 2 అంగుళాల మట్టిని పూర్తిగా ఆరనివ్వండి. చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి.

చలికాలం: నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా

పగలు చిన్నదవుతుంది, చలికి మొక్క ఎదుగుదల నెమ్మదిస్తుంది. మనీ ప్లాంట్‌కు 20 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 15 డిగ్రీల కన్నా కిందికి వెళ్తే ఎదగడం దాదాపు ఆపేస్తుంది. ఆదిలాబాద్, లంబసింగి, అరకు వైపు రాత్రిళ్లు 10 డిగ్రీల కన్నా తగ్గే రోజులుంటాయి. అలాంటి చోట్ల బాల్కనీ కుండీలను రాత్రిపూట లోపలికి తెచ్చుకోవాలి. చలికి దెబ్బతిన్న ఆకు నల్లబడుతుంది, మళ్లీ మామూలు కాదు.

ఈ కాలంలో 10 నుంచి 14 రోజులకోసారి నీళ్లు సరిపోవచ్చు. ఉదయం కాస్త ఎండ వచ్చాక పోయండి. గది వాతావరణంతో సమానంగా ఉన్న నీళ్లు వాడండి. రాత్రిపూట చల్లటి నీళ్లు పోస్తే తెల్లారేదాకా వేళ్లు ఆ చలిలోనే నానుతాయి. ఎరువులు కూడా ఈ మూడు నెలలు ఆపేయొచ్చు. ఎదగని మొక్కకు ఎరువు పోస్తే అది మట్టిలో ఉప్పుగా మిగులుతుంది. మార్చిలో కొత్త చిగుళ్లు రావడం మొదలైనప్పుడు నీళ్లు, ఎరువు రెండూ మెల్లగా పెంచుకోండి.

అమెరికాలో, యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు చలికాలం లెక్క కొంచెం వేరు. బయట మంచు, లోపల హీటర్. హీటర్ వల్ల గాలి బాగా పొడిబారి ఆకు చివర్లు మాడతాయి, కానీ వెలుతురు తక్కువ కాబట్టి మొక్క తాగేది తక్కువే. హీటర్ గాలి వచ్చే చోటుకు, చల్లటి కిటికీ అద్దానికి.. రెండింటికీ దూరంగా పెట్టండి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకైతే నెలలే తిరగబడతాయి. జూన్, జులైలో అక్కడ చలికాలం. ఇండియా నుంచి అమ్మ ఫోన్‌లో చెప్పే లెక్కను ఆర్నెల్లు జరుపుకోవాలి.

ఏ నీళ్లు పోయాలి?

మున్సిపల్ నీళ్లు: ఇబ్బంది లేదు. క్లోరిన్ వాసన ఎక్కువగా ఉంటే బకెట్‌లో పట్టి, మూత లేకుండా రాత్రంతా ఉంచి ఉదయం పోయండి.

బోరు నీళ్లు: మన దగ్గర చాలాచోట్ల ఉప్పు ఎక్కువ. మట్టి మీద, కుండీ అంచుల మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఈ ఉప్పే. ఆకుల కొసలు మాడటానికి ఇదీ ఒక కారణం. పైన తెల్లబారిన మట్టి అరంగుళం తీసేసి కొత్తది వేయండి. రెండు నెలలకోసారి కుండీని బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి, కుండీ పట్టేదానికి రెండు మూడు రెట్ల మంచినీళ్లు నెమ్మదిగా పోసి కింది నుంచి పోనివ్వండి. ఉప్పు కడుక్కుపోతుంది.

ఆర్‌వో వేస్ట్ వాటర్: పారబోయడం ఇష్టం లేక చాలామంది మొక్కలకు పోస్తారు. కానీ ఫిల్టర్ వదిలేసిన ఉప్పంతా ఈ నీళ్లలోనే ఉంటుంది. అసలు నీళ్ల కన్నా ఇవి ఇంకా చిక్కన. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. కుండీలకు వద్దు.

సాఫ్ట్‌నర్ నీళ్లు: చాలా అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు వాటర్ సాఫ్ట్‌నర్లు ఉన్నాయి. ఇవి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసి దాని బదులు సోడియం కలుపుతాయి. బట్టలకు మంచిదే, మొక్కలకు కాదు. సాఫ్ట్‌నర్‌లోకి వెళ్లకముందే నీళ్లు పట్టుకునే కుళాయి ఉందేమో వాచ్‌మన్‌ను అడగండి.

ఏసీ నుంచి కారే నీళ్లు: గాలిలోని తేమే ఇలా నీరవుతుంది కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. శుభ్రమైన బకెట్‌లో పడితే ఆకుల మొక్కలకు పోయొచ్చు. తినే ఆకుకూరలకు మాత్రం వాడకపోవడమే మంచిది. ఏసీ సర్వీసింగ్ చేసిన రోజు వచ్చే నీళ్లు పారబోయండి.

బియ్యం కడిగిన నీళ్లు: ఎప్పుడో ఒకసారి పోస్తే ఇబ్బంది లేదు. రోజూ పోస్తే మట్టి పులిసిన వాసన వస్తుంది, పురుగులు చేరతాయి. ఉప్పు వేసిన గంజి, పాలు చక్కెర కలిసిన టీ పొడి అసలే వద్దు.

కుండీ, మట్టి సరిగా లేకపోతే?

నీళ్లు ఎంత కరెక్ట్‌గా పోసినా, అవి పోయే దారి లేకపోతే లాభం లేదు. రంధ్రం లేని అందమైన సిరామిక్ కుండీలు గిఫ్టుగా వస్తుంటాయి. వాటిలో నేరుగా మొక్క నాటకండి. రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి, దాన్ని ఈ సిరామిక్ కుండీలో కూర్చోబెట్టండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, కారడం ఆగాక లోపల పెట్టండి.

అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్మకం. నిజానికి నీళ్లు మట్టి నుంచి రాళ్లలోకి అంత తేలిగ్గా దిగవు. మట్టి పూర్తిగా నిండాకే కిందికి జారతాయి. రాళ్లు వేసిన మేరకు వేళ్లకు మిగిలే చోటు తగ్గడమే అవుతుంది. రంధ్రం మీద చిన్న కుండ పెంకో, దోమతెర ముక్కో పెడితే చాలు, మట్టి బయటికి పోదు.

రాజమహేంద్రవరం దగ్గర కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్నా, మీ వీధి చివర నర్సరీలో కొన్నా, మొక్కను తెచ్చిన రోజే కవర్‌లోని మట్టిని ఒకసారి వేలితో నొక్కి చూడండి. జిగురుగా, ముద్దగా ఉండే మట్టి నర్సరీలో ఆరుబయట గాలికి త్వరగా ఆరుతుంది. మన హాల్లో మాత్రం వారమైనా ఆరదు. తెచ్చిన వెంటనే మార్చొద్దు, ఒకటి రెండు వారాలు ఇంటికి అలవాటు పడనివ్వండి. తర్వాత గుల్ల మట్టిలోకి మార్చండి. తోటమట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, వర్మీ కంపోస్ట్ సగం వంతు, ముతక ఇసుక లేదా పెర్లైట్ సగం వంతు కలిపితే సరిపోతుంది. కొత్త కుండీ పాతదానికన్నా రెండు అంగుళాలు మాత్రమే పెద్దగా ఉండాలి. చిన్న మొక్కను మరీ పెద్ద కుండీలో పెడితే, వేళ్లు తాగలేని తడి చుట్టూ మిగిలిపోతుంది.

సీసాలో పెంచుతున్నారా? దోమల సంగతి చూసుకోండి

మనీ ప్లాంట్ నీళ్ల సీసాలో కూడా బాగానే బతుకుతుంది. మట్టిలో కుళ్లిపోయే మొక్క నీళ్లలో ఎలా బతుకుతుందని డౌట్ రావొచ్చు. నీళ్లలో పుట్టిన వేళ్లు నీళ్లకే అలవాటు పడి పెరుగుతాయి. సీసాలో కొత్తగా మార్చిన నీళ్లలో కొంత ఆక్సిజన్ కరిగి ఉంటుంది. కుళ్లబెట్టే చెత్త కూడా అందులో తక్కువ. నీళ్లు మార్చకుండా నెలలు వదిలేస్తే ఇక్కడా వేళ్లు మెత్తబడతాయి.

కానీ అసలు ప్రమాదం మొక్కకు కాదు, ఇంట్లోవాళ్లకు. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ ఈజిప్టై దోమ ఇంట్లో నిల్వ ఉండే శుభ్రమైన నీళ్లలోనే పెరుగుతుంది. కూలర్, డ్రమ్ము, కుండీ కింద ప్లేటు, మనీ ప్లాంట్ సీసా.. ఇవన్నీ దానికి అనువైన చోట్లే. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా సుమారు 7 నుంచి 10 రోజులు చాలు. తెలంగాణలో 2020లో "ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు" అంటూ ఇంట్లో నిల్వ నీళ్లు పారబోయమని ప్రచారం చేసింది ఇందుకే. ఆరోగ్య సిబ్బంది చెప్పే డ్రై డే వెనకున్న లెక్క కూడా ఇదే. వారానికోసారి నీళ్లు పారబోస్తే పురుగు దోమ కాకముందే పోతుంది.

ఇక్కడ ఇంకో ముఖ్యమైన విషయం. ఈ దోమ గుడ్లు నీళ్లలో తేలవు. నీటి మట్టానికి కాస్త పైన, సీసా గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా కొన్ని నెలలు బతికే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు మారిస్తే సరిపోదు. సీసా లోపలి గోడను బ్రష్‌తో రుద్ది కడగాలి. వేళ్లను కుళాయి కింద ఒకసారి కడిగి పెట్టాలి. సీసా మూతిని వేళ్ల చుట్టూ దూదితోనో, సన్నటి తెర గుడ్డతోనో మూస్తే ఇంకా మంచిది. రంగు సీసా వాడితే నాచు కూడా తక్కువ పడుతుంది.

లక్షణం చూసి కారణం కనిపెట్టండి

కింది ఆకులు వరుసగా పసుపు, మట్టి తడి: నీళ్లు ఎక్కువయ్యాయి. వెంటనే ఆపండి.

ఆకులు పలచబడి, లోపలికి ముడుచుకుని, కుండీ తేలిగ్గా: దాహం. టబ్బులో అరగంట నానబెట్టండి, కొన్ని గంటల్లో లేస్తుంది.

ఆకు కొసలు మాత్రమే గోధుమ రంగు, కరకరలాడుతూ: పొడిగాలి లేదా ఉప్పు నీళ్లు.

ఆకు మీద మెత్తటి నల్ల మచ్చ, చుట్టూ పసుపు వలయం: తడి ఎక్కువ, గాలి తక్కువ. ఆ ఆకు తీసేసి చోటు మార్చండి.

ఆకుపై తెల్ల చారలు పోయి మొత్తం పచ్చగా, ఆకుకీ ఆకుకీ దూరం పెరిగి: వెలుతురు చాలట్లేదు. ఇలాంటి చోట నీళ్లు ఇంకా తగ్గించాలి.

అడుగున ఒక్క ముసలి ఆకు పసుపు: మామూలే. వయసైపోయింది, తుంచేయండి.

వేరు కుళ్లిపోతే కాపాడొచ్చా?

చాలాసార్లు కాపాడొచ్చు. మొక్కను కుండీలోంచి మెల్లగా తీసి మట్టి దులపండి. నల్లగా, మెత్తగా, దుర్వాసన వచ్చే వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో కోసేయండి. తెల్లటి వేళ్లు మిగిలితే కొత్త గుల్ల మట్టిలో, చిన్న కుండీలో నాటండి. ఒక్కసారి నీళ్లు పోసి, ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టండి. పాత మట్టి మళ్లీ వాడొద్దు.

వేళ్లన్నీ పోయినా ఆశ వదులుకోవద్దు. తీగలో గట్టిగా, పచ్చగా ఉన్న భాగం చూసి, కణుపుకు అంగుళం కింద కోయండి. కణుపు దగ్గర చిన్న గోధుమ రంగు బొడిపె కనిపిస్తుంది, కొత్త వేరు వచ్చేది అక్కడి నుంచే. ఆ కణుపు మునిగేలా నీళ్లలో పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. కణుపు లేకుండా ఒట్టి ఆకు పెడితే కొత్త తీగ రాదు.

ఊరెళ్తే మొక్కల సంగతేంటి?

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తున్నారా? చలికాలం కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి నిండుగా పోస్తే చాలు. అసలు సమస్య వేసవి సెలవులది. రెండు వారాలు దాటితే కుండీలన్నీ ఎండ తగలని బాత్రూమ్ కిటికీ దగ్గరో, నీడ ఉన్న చోటో చేర్చండి. మూత పెట్టిన బకెట్ నీళ్లలోంచి లావాటి నూలు తాడు ఒక కొస, కుండీ మట్టిలోకి 2 అంగుళాల లోతున రెండో కొస పెడితే, తాడు కొద్దికొద్దిగా తడిని లాగుతుంది. వెళ్లే ముందు రెండు రోజులు ట్రై చేసి చూసుకోండి. పక్కింటివాళ్లకు అప్పగిస్తే "రోజూ పోయండి" అని చెప్పకండి. "ముట్టుకుని చూసి, పొడిగా ఉంటేనే పోయండి" అని చెప్పండి.

మిగతా మొక్కలకూ ఇదే లెక్కా?

పద్ధతి ఒకటే, ఆరనివ్వాల్సిన లోతు మారుతుంది. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ నీళ్లు దాచుకునే మొక్కలు. కుండీ అడుగుదాకా ఆరాకే పోయాలి. ఫిలోడెండ్రాన్, సింగోనియం, అగ్లోనిమాకు మనీ ప్లాంట్ లెక్కే. పీస్ లిల్లీకి, అరెకా పామ్‌కు పైన అంగుళం ఆరితే చాలు. కలాథియాకు మట్టి పూర్తిగా ఎండకూడదు, అలాగని నిలవ నీళ్లు కూడా ఉండకూడదు. ఉప్పు నీళ్లకు ముందుగా ఆకు కొసలు మాడేది దానికే.

చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్లలో..

మనీ ప్లాంట్ ఆకులో, కాండంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. నమిలితే నోరు, నాలుక మండుతాయి, వాపు రావొచ్చు. కుక్కలకు, పిల్లులకు కూడా అంతే. పాకే పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. సీసాలోని నీళ్లు పెంపుడు జంతువులు తాగకుండా చూసుకోండి. పిల్లలు ఆకు నమిలితే నోరు శుభ్రంగా కడిగించండి. వాపు వచ్చినా, మింగడానికి, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడుతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఒక్క చూపులో..

ఎండాకాలం గదిలో 3 నుంచి 5 రోజులు, వానాకాలం 7 నుంచి 12 రోజులు, చలికాలం 10 నుంచి 14 రోజులు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే.
పోసే ముందు 2 అంగుళాల లోతున వేలు పెట్టి చూడాలి.
పోస్తే అడుగు నుంచి కారేదాకా పోయాలి, ప్లేటులో నీళ్లు అరగంటలో తీసేయాలి.
ఆర్‌వో వేస్ట్, సాఫ్ట్‌నర్ నీళ్లు వద్దు.
సీసా నీళ్లు వారానికోసారి మార్చాలి, గోడలు రుద్ది కడగాలి.
ఆకు వాడితే ముందు మట్టి చూడాలి, మగ్గు తర్వాత.